మొశా బాబు

గుణుపురం బజారులో మా నాన్న పేరు అడగండి,
కింతలి సన్యాసిరావు అంటే
ఏ కింతలి, ఏ సన్యాసి అని ఎదురడుగుతారు.
మొశా బాబు అనండి,
టీకొట్టు కుర్రాడు చేతిలో గ్లాసు కిందపెట్టి
మా వీధి చివరిదాకా వచ్చి చూపిస్తాడు.

ఒడియాలో మొశా అంటే దోమ.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఆయన ఉద్యోగం అదే.

పొద్దుగూకే వేళ, ఊళ్ళో నాన్నలందరూ ఇళ్ళకు చేరే వేళ
మా నాన్న బయల్దేరేవాడు.
సంచీలో టార్చిలైటు, దూదితో మూతి బిగించిన గాజు గొట్టాలు,
నోటితో పీల్చే రబ్బరు గొట్టం,
ఎందుకో మరి, సూదీ తెల్లదారం.
వెనక ఇంకో సైకిలు మీద లింబా సబర.
పుట్టాసింగి దారిలో ఏదో ఒక పశువులసాలలో
పంట్లాం మోకాలి దాకా మడిచి కూర్చునేవాడు.
కాలి మీద వాలినదాన్ని కుట్టేలోపు పట్టుకోవాలి,
ఆలస్యమైతే కుట్టించుకోవాలి.
చాలాసార్లు ఆలస్యమయ్యేది.

ఆయన వచ్చేసరికి మేం నిద్రలో ఉండేవాళ్ళం.
అయినా తెలిసేది.
ఈథరు వాసన, పేడ వాసన,
దోమతెర అంచులు పరుపు కింద దోపే వేళ్ళు.
మూడు మూలలు ఒక్కోసారి.
తలాపు ఎడమ మూల మాత్రం రెండుసార్లు.

భువనేశ్వర్‌లో పెద్ద కుర్చీ ఇస్తామంటే వెళ్ళలేదు,
మా ఆవిడకి వంశధార నీళ్ళు పడ్డాయి అన్నాడు.
నా పెళ్ళిచూపుల్లో వరుణ్ణి ఒక్కటే అడిగాడు,
మీ ఇంటి మురుగు ఎటు పోతుంది బాబూ?
మా అత్తగారు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

గోడకి వాలుగా పెన్సిలు పట్టి
ఇలా కూచుంటే జ్వరం దోమ, సమంగా కూచుంటే వేరేది,
అని ఆయన చెప్పేనాటికి నాకు అ ఆలు రావు.
మగదోమకి రక్తం అక్కర్లేదే, పూలరసం చాలు.
రక్తం అడిగేది తల్లి, గుడ్ల కోసం.
తమ్ముడు దోమని బూతు తిడితే చెవి మెలిపెట్టాడు.
చంపు. తిట్టకు.

ఒక ఆదివారం మైక్రోస్కోపు ఇంటికి తెచ్చాడు.
నీటిబొట్టులో సాలెపోగు కన్నా సన్నటి దారం,
దాని మీద ముడులు.
గుడ్లు పెట్టిన ప్రతిసారీ లోపల ఒక ముడి మిగిలిపోతుంది,
అవి లెక్కపెడితే ఎన్ని కాన్పులో తెలుస్తుంది అన్నాడు.
అమ్మ వంటింట్లోంచి వచ్చి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది.
మరి నావెన్ని?
రెండు! అన్నాను నేను గబుక్కున, నేనూ తమ్ముడూ.
నాన్న కటకం మీంచి కన్ను తీయలేదు.
మూడు, అన్నాడు.

నా కన్నా ముందు ఒకడున్నాడని ఆ రాత్రి అమ్మ చెప్పింది.
రెండేళ్ళ మూడు నెలలు. జ్వరం.
ఇంకేం అడగలేదు నేను.

మొన్న ఫాల్గుణంలో నాన్న పోయాడు, గుండెతో.
పదకొండో రోజు లింబా వచ్చాడు, కళ్ళకి శుక్లాలు, చంకలో గోనెసంచి.
ఆఫీసు మూసేస్తున్నారట, చెత్తలో పడేస్తుంటే ఏరుకొచ్చాడట.
బాబు ఏ గుడిసెకి వెళ్ళినా ముందు తెర ఎత్తి చూసేవాడమ్మా,
చిరుగుంటే లెక్క ఆపి కుట్టేవాడు, అన్నాడు.

నాన్న పుస్తకాలు. అన్నీ అంకెలే.
ఊరు, ఇల్లు, గంట, గోడ మీద ఎన్ని, కాలి మీద ఎన్ని.
డెబ్బై తొమ్మిది సెప్టెంబరులో తొమ్మిది రోజులు ఖాళీ.
పదో రోజున అదే గుండ్రటి రాత.
ఊరు: గుణుపురం. ఇల్లు: సొంతం.
తలాపు ఎడమ మూల, తెర చిరుగు దగ్గర: ఒకటి.

అమ్మకి చదువు రాదు.
ఏం రాశారే? అంది.
లెక్కలమ్మా, అన్నాను.
సరిపోయాయా? అంది.